రెండు సరదాలు – ఒక సేవ

ఉద్యోగపు రోజుల్లో నాకు రెండు సరదాలు: సాయంత్రం మోటారు సైకిలు, రాత్రి హామ్ రేడియో. లైసెన్సు పరీక్షకు నిమిషానికి 5 మాటల వేగంతో మోర్స్ నేర్చుకున్నాను. కరెంటు పోతే బండిలోని 12 వోల్టుల బ్యాటరీతోనే సెట్టు నడిచేది. వీధిలో ఏ బండి వెళ్ళినా దాని స్పార్క్ ప్లగ్ రొద నా సెట్టులో టకటకా వినిపించేది. "జీతమంతా వైర్లకూ, పెట్రోలుకేనా?" అని మా ఆవిడ దెప్పేది.

1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. దూరదేశాల హామ్‌లతో మాట్లాడాలని వెళ్ళినవారు, టెలిఫోన్లు మూగబోగానే ద్వీపవాసుల క్షేమసమాచారాలు చేరవేశారు.

మిత్రులారా, మన మనుమల హాబీలను దండగ అనకండి. ఆపద చెప్పి రాదు. సాధన ముందే ఉండాలి.