పండుగ పలకరింపులు

పక్కింటివారి పండుగకు మనం శుభాకాంక్షలు చెప్పవచ్చునా, చెబితే మన ఆచారానికేమైనా లోటు వస్తుందా అని కొందరు గృహిణులు సందేహపడుతూంటారు. ఈ సందేహంతోనే ఎదురెదురు గుమ్మాలవాళ్లు కూడా పండుగనాడు ముఖాలు తిప్పుకునే పరిస్థితి వస్తోంది. దీనికి మన చరిత్రలోనే చక్కని జవాబుంది.

గోల్కొండను 1580 నుంచి 1612 వరకు ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా సంగతి చూడండి. 1591లో చార్మినార్ కట్టించిన ప్రభువు ఆయనే. దక్కనీ భాషలో ఈద్ మీద, నౌరోజు మీద కవిత్వం చెప్పినట్టే, వసంతోత్సవం మీద కూడా చెప్పాడు. అంతమాత్రాన తన మతం విడిచిపెట్టాడా? లేదు. మొహర్రం సంతాపం కోసం బాద్‌షాహీ ఆషుర్ఖానా కట్టించిందీ ఆయనే.

ఆ వంశంలో చివరి రాజు తానీషా. మన రామదాసు చెరసాలలో మగ్గింది గోల్కొండలోనే కదా! అయినా భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆ తానీషాతోనే మొదలయిందని చెబుతారు. 1687లో గోల్కొండ మొగలాయిల వశమైంది. ఆ తరువాత ప్రభుత్వాలెన్నో మారాయి. ఇవాళ్టికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వెళుతూనే ఉన్నాయి.

రాజుల మాట అలా ఉంచండి. నెల్లూరులో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. నీదే మతమని అక్కడ ఎవరూ అడగరు.

అయితే మంచి మనసుతోపాటు కాస్త తెలివిడీ ఉండాలండీ. పీర్ల పండుగ అంటున్నాం కదా అని మొహర్రంకు శుభాకాంక్షలు చెప్పకూడదు. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైనందుకు దుఃఖించే రోజులవి. గుడ్ ఫ్రైడే కూడా అంతే. ఏసు సిలువ మీద ప్రాణం విడిచిన రోజు. శుభాకాంక్షలు ఆ ఆదివారం, ఈస్టర్‌నాడు చెప్పాలి. రంజాన్‌కైతే నెలవంక కనిపించాక “ఈద్ ముబారక్” అంటే సరి. చాంద్రమాన లెక్క కనుక ఆ పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. తేదీ తెలియకపోతే వారినే అడగండి, సంతోషిస్తారు.

ఏ పండుగో, ఎందుకు చేస్తారో తెలుసుకుని పలకరిస్తే ఆ మాటకు విలువ. ఈసారి ఎదురింటివారి పండుగకు మీరే ముందుగా వెళ్లి పలకరించండి.