ట్రూడోస్: శిఖరానికెక్కిన భూగర్భం

సైప్రస్ ద్వీపంలోని ట్రూడోస్ పర్వతాలలో ఎత్తైనది 1,952 మీటర్ల ఒలింపస్ శిఖరం. ఆ శిఖరం మీది రాళ్లు మాత్రం ఒకప్పుడు సముద్రగర్భంలో, భూపటలానికి దిగువన ఉండే మాంటిల్ పొరకు చెందినవి. నేల గుమ్మటంలా ఉబికి, పైపొరలు కోతకు గురికావడంతో అట్టడుగు పొర నడినెత్తికి వచ్చింది. శిఖరం నుంచి దిగేకొద్దీ లోతున చల్లబడిన గాబ్రో రాయి, పగుళ్లలో గడ్డకట్టిన నిలువు డైకులు, దిండ్ల ఆకారపు లావా వరుసగా కనిపిస్తాయి. ఇక్కడ కొండ దిగడమంటే పాత సముద్రగర్భంలో అడుగు నుంచి పైకి రావడమే.

ఈ వరుసను శాస్త్రజ్ఞులకంటే ముందే గనివారు వాడుకున్నారు. కొండ అంచుల్లోని లావా పొరల్లో దొరికిన రాగిని కాంస్యయుగంలోనే తవ్వి, కరిగించి, మధ్యధరా తీరాలకు ఎగుమతి చేశారు. రాగికి లాటిన్‌లో ఉన్న ‘కుప్రమ్’ అనే పేరు సైప్రస్ నుంచి వచ్చిందే. కొండ నడుమ ఉన్న మాంటిల్ రాళ్ల సంపద వేరు. అమియాండోస్ గనిలో 1904 నుంచి 1988 వరకు రాతినార తవ్వారు. శిఖరం దగ్గరి డ్యూనైట్ అనే మాంటిల్ రాళ్లలోంచి 20వ శతాబ్దంలో క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం తీశారు.

రాతినారకు మూలం సర్పెంటైన్ ఖనిజం. మాంటిల్ రాతిలోని ఒలివిన్, పైరాక్సీన్‌లు నీటితో కలిసి సర్పెంటైన్‌గా మారతాయి. అప్పుడు రాయి తేలికపడి ఉబ్బుతుంది. ట్రూడోస్ పైకి లేవడానికి ఇదీ ఒక కారణం. పాము చర్మంలా మెరిసే ఇటువంటి రాళ్లకు 1813లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ బ్రాంన్యార్ ‘ఓఫియొలైట్’ అని పేరు పెట్టాడు. గ్రీకులో ‘ఓఫిస్’ అంటే పాము.

ట్రూడోస్ పాత సముద్రగర్భపు ముక్కేనని 1968లో బ్రిటిష్ భూవిజ్ఞాని ఇయాన్ గాస్ ప్రతిపాదించాడు. 1972 పెన్‌రోజ్ సదస్సులో ఓఫియొలైట్‌కు నిర్వచనం కుదిరింది. మాంటిల్ రాతి నుంచి లావా వరకు ఉన్న పొరల వరుసకే ఆ పేరు స్థిరపడింది. ఆ వరుస ఫలకాలు విడిపోయే నడిసముద్రపు రిడ్జ్‌లో పుట్టిందన్నదే అప్పటి నమ్మకం. మరుసటి ఏడాదే జపాన్ భూవిజ్ఞాని అకిహో మియాషిరో దాన్ని ప్రశ్నించాడు. ట్రూడోస్ లావాల రసాయన కూర్పు, ఒక ఫలకం మరొకదాని కిందికి దిగే చోట ఏర్పడే ద్వీపచాపాల లావాలను పోలి ఉందన్నాడు. దీనిపై తీవ్ర వాదోపవాదాలు నడిచాయి.

మాంటిల్ రాళ్లలోని స్పినెల్ అనే ఖనిజపు రేణువులు ఈ వాదంలో బలమైన సాక్ష్యమిచ్చాయి. గనివారు తవ్విన క్రోమైట్ ఈ స్పినెల్ కుటుంబానిదే. మాంటిల్ కొంత కరిగితే అల్యూమినియం ద్రవంతో వెళ్లిపోతుంది, క్రోమియం మిగులుతుంది. కాబట్టి స్పినెల్‌లో క్రోమియం వాటా పెరిగిందంటే ఆ రాయి ఎక్కువ కరిగిందని అర్థం. చుట్టూ ఉన్న ఒలివిన్ సర్పెంటైన్‌గా మారిపోయినా, స్పినెల్ రేణువు నడిభాగం చాలావరకు చెక్కుచెదరదు. క్రోమియం, అల్యూమినియంల మొత్తంలో క్రోమియం నిష్పత్తి నడిసముద్రపు రిడ్జ్ రాళ్ల స్పినెల్‌లో సాధారణంగా 0.6 దాటదని 1984లో హెన్రీ డిక్, థామస్ బుల్లెన్ చూపారు. ట్రూడోస్ క్రోమైట్‌లో అది ఆ హద్దును దాటుతుంది.

అంతగా కరగడానికి కారణం నీరు. ఒక భూఫలకం మరొకదాని కిందికి దిగేటప్పుడు వెలువడే నీరు, పైనున్న మాంటిల్ కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. అందుకే సుమారు 9 కోట్ల 20 లక్షల ఏళ్ల కిందట ట్రూడోస్ సముద్రగర్భం అలా దిగే ఫలకానికి పైనున్న ఫలకంలో, అది సాగి విడిపోతున్న చోట పుట్టిందని నేడు ఎక్కువమంది భూవిజ్ఞానులు అంగీకరిస్తున్నారు.