పట్టుగూటినుండి మందుమాత్రవరకు

చిలమత్తూరు, లేపాక్షి ప్రాంతములలో మల్బరీ తోట గల రైతునకు, పురుగు గూడు కట్టిన నాటినుండి దినముల లెక్క తప్పదు. సుమారు రెండు వారములు గడచినచో లోపలి పురుగు శలభమై గూటిని తొలుచుకొని వెలువడును. తూటుపడిన గూటిలో దారము తెగిపోవును గనుక అది రీలింగునకు పనికిరాదు. అందువలననే గూళ్లను ఆలసింపక హిందూపురము మార్కెట్టునకు చేర్చుదురు. కొన్నవారు వేడిగాలితోనో ఆవిరితోనో లోపలి పురుగును చంపి, గూళ్లను ఉడికించి దారము తీయుదురు.

పళ్లు లేని ఆ శలభము అంత గట్టి గూటినుండి ఎట్లు బయటపడును? అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫోటిస్ కఫాటోస్, కారొల్ విలియమ్స్ అను శాస్త్రజ్ఞులు కొన్ని అడవిజాతి పట్టుశలభములను పరిశీలించి 1964లో ఇందుకు సమాధానము చెప్పిరి. శలభము నోటికడ ఒక ఎంజైము పొడిగా నిలువయుండును. వెలువడు వేళ శలభము ఒక ద్రవమును స్రవించి దానిని తడుపును. ఆ రసము పట్టుపోగుల జోలికి పోదు. పోగులను అతికించియుంచు సెరిసిన్ అను జిగురును మాత్రము కరగించును. పోగులు వదులుకాగా శలభము తలతో త్రోసికొని వచ్చును. రీలింగువారు వేడినీటితో చేయు పనియు ఇట్టిదే గదా! ఈ ఎంజైమునకు కొకూనేజు అని పేరు.

మన మందుల దుకాణములలో వాపునకై ఇచ్చు సెర్రేషియోపెప్టిడేజు ఈ శలభపు రసమేయని పలువురు వ్రాయుచుందురు. అది నిజము కాదు. జపానులో 1960 దశకమున పట్టుపురుగు ప్రేగునుండి వేరుచేసిన సెర్రేషియా అను బాక్టీరియా దానిని తయారుచేయును. తకెడా సంస్థ దానిని డాన్‌జెన్ అను పేర అమ్మినది. మాంసకృత్తులను ఛేదించు గుణము గలది గనుక, మ్రింగినచో వాపులో చేరిన చిక్కని ద్రవమును పలుచజేసి తొలగించునని ఊహ. పంటి శస్త్రచికిత్సకు, ముక్కు గొంతు వాపులకు, దెబ్బలకు విరివిగ వాడిరి.

గాజుపాత్రలో ఆ గుణము నిజమే. కాని మ్రింగిన ఎంజైము జఠరరసమునకు చెడక నిలువవలెను, అంత పెద్ద అణువు ప్రేగుగోడను దాటవలెను, రక్తములో చేరి వాపుగల చోటికి తగినంత పోవలెను. జపానులో మరల జరిపిన పరీక్షలలో, మందులేని ఉత్తుత్తి మాత్రకంటె దీనివలన మేలు కానరాలేదు. 2011లో తకెడా సంస్థయే తన మందును ఉపసంహరించుకొన్నది. 2013లో ప్రకటితమైన ఒక భారతీయ సమీక్షయు ఆధారములు చాలవనియే తేల్చినది. అయినను మన దేశమున నొప్పి మాత్రలతో కలిపి నేటికిని అమ్ముచునే యున్నారు. రోగి వెల చెల్లించునది రుజువునకో, పేరునకో మాకు తెలియకున్నది.

ఎంజైమువైద్యమంతయు ఇట్టిదేయని తలపరాదు. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాకు రక్తపు గడ్డను కరగించు శక్తి కలదని విలియం టిల్లెట్ 1933లో ప్రకటించెను. అందలి స్ట్రెప్టోకైనేజు తాను స్వయముగ గడ్డను కరగింపదు. రక్తములోని ప్లాస్మినోజెనును మేల్కొలిపి ఆ పని చేయించును. దీనిని మ్రింగించరు, రక్తనాళములోనికి ఎక్కింతురు. 1986లో ఇటలీలో గుండెపోటు వచ్చిన 11,806 మందిపై ఫలితములు వెల్లడియైనవి: 21 దినములలో మరణములు, మందు పొందనివారిలో నూటికి 13, పొందినవారిలో 10.7. రక్తస్రావ భయము లేకపోలేదు. అయినను ఎందరి ప్రాణములో నిలిచినవి. పిమ్మట హైదరాబాదు సంస్థలును దీనిని తయారుచేసినవి. కాలిన గాయములలోని మృతచర్మమును తొలగించుటకు అనాసమొక్క కాండపు ఎంజైములతో చేసిన లేపనమును ఐరోపా 2012లో, అమెరికా 2022లో అనుమతించినవి. అదియు గాయముపై నేరుగ పూయునదే.

కొకూనేజు మాత్రము మందుల దుకాణమునకు రాలేదు. సబ్బు, సోడాలతో ఉడికించుటకు బదులు దానితో పట్టుదారపు జిగురు తీయవచ్చునా యని పరిశోధకులు పరీక్షించుచున్నారు. ధర్మవరము మగ్గములకు అట్టి దారము వచ్చినచో, గూటిలో చంపబడు పురుగు విద్యయే చీరకు మెరుగు పెట్టును.