పొత్రం దెబ్బలు తిన్న నవలాకారుడు

పాత ఢిల్లీ స్టేషన్‌లో రైలు దిగిన తెలుగువాళ్లూ ఉంటారు. ఆ స్టేషన్ కట్టేటప్పుడు పంజాబీ కట్రా అనే పేటనూ, అందులోని ఔరంగాబాదీ మసీదునూ కూలగొట్టారు. ఉర్దూకి తొలి నవల ఇచ్చిన నజీర్ అహ్మద్ చిన్నప్పుడు చదువుకోసం చేరింది ఆ మసీదులోనే.

బిజ్నోర్ వైపు నుంచి వచ్చిన పేద పిల్లాడు. మన వారాలబ్బాయిల్లాగే ఇంటింటికీ తిరిగి రొట్టెలు తెచ్చుకునేవాడు. చదువు చెప్పే మౌల్వీగారింట్లో మాత్రం కూర్చుని మసాలా నూరాలి. చెయ్యి ఆగిందా, ఆ ఇంటి చిన్నపిల్ల పొత్రంతో వేళ్ల మీద ఒక్కటిచ్చేది. పెద్దయ్యాక ఆ పిల్లనే పెళ్లాడాడు! ముసలితనంలో ఈ ముచ్చట శిష్యుడు ఫర్హతుల్లా బేగ్‌కి చెప్పాడు. బేగ్ తర్వాత హైదరాబాదులో స్థిరపడి, గురువుగారి మీద రాసిన వ్యాసంలో దీన్ని పెట్టాడు. ఆ వ్యాసం చదివాకే నాకు నజీర్ అహ్మద్ నవలల మీదికి మనసు పోయింది.

మసీదు నుంచి ఢిల్లీ కాలేజీకి మారాడు. కాలేజీ అప్పుడు కశ్మీరీ గేట్ దగ్గర, దారా షికో గ్రంథాలయం భవనంలో ఉండేది. నేను ఆ దగ్గర్లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ భవనం తెల్ల స్తంభాల ముందునుంచే టీకి వెళ్లేవాణ్ణి. ఇంగ్లీషు చదివితే కొడుకు చచ్చినట్టే అన్నాడట నజీర్ అహ్మద్ తండ్రి. అయినా తర్వాత నేర్చుకున్నాడు. పీనల్ కోడ్‌ను ఉర్దూలోకి తెచ్చిన వాళ్లలో ఒకడై, డిప్యూటీ కలెక్టరయ్యాడు.

కూతుళ్లు చదవదగ్గ పుస్తకం కనబడక తనే రాసిచ్చాడు. అదే 1869లో అచ్చయిన 'మిరాతుల్ ఉరూస్'. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చి, 2000 ప్రతులు కొంది. లెఫ్టినెంట్ గవర్నర్ విలియం మ్యూర్ గడియారం కూడా ఇచ్చాడు. కథ ఢిల్లీ ఇళ్లలో నడుస్తుంది. పెంకి అక్క అక్బరీ, హజ్ చేసొచ్చానని కబుర్లు చెప్పిన ఓ మాయలాడిని నమ్మి నగలన్నీ పోగొట్టుకుంటుంది. చెల్లెలు అస్గరీ ఇంటి లెక్కలు పట్టుకుని, దొంగ దాసీని సాగనంపి, ఆడపిల్లలకు బడి పెడుతుంది. నాకు అక్బరీయే ఇష్టం. చెల్లెలు ఒక్క తప్పూ చెయ్యదు, దొరలకు నచ్చిందంటే నచ్చదూ మరి!

1877లో నిజాం దివాను సాలార్‌జంగ్ పిలుపు మీద హైదరాబాదు వచ్చాడు. ఆయన అక్కడుండగానే, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికే పంతులుగారి నవల 'రాజశేఖర చరిత్రము' వెలువడింది. ఇద్దరూ బళ్ల మనుషులే, ఇద్దరూ నవలతో ఇళ్లు బాగుచేద్దామనుకున్నవాళ్లే. ఢిల్లీకి తిరిగెళ్లాక 1891లో నజీర్ అహ్మద్ 'అయామా' రాశాడు. ముస్లిం వితంతువు మళ్లీ పెళ్లాడటానికి మతం అడ్డు కాదు, అడ్డల్లా ఖాందాన్ల పరువు. అందులో వితంతువు ఆజాదీ బేగం తన గోడు చనిపోయే ముందు నలుగురికీ విప్పి చెబుతుంది. పంతులుగారు పెళ్లికూతుళ్లను ఇంట్లో పెట్టుకుని, వెలికి గురై, పెళ్లిళ్లు చేశారు. ఈయన కలం దాటి రాలేదు. నా తూకంలో పంతులుగారే బరువు.

అయితే కలానికీ దెబ్బలు తప్పలేదు. 1874 నాటి 'తౌబతున్నసూహ్'లో కలరా నుంచి బయటపడ్డ ఓ తండ్రి, కొడుకు పుస్తకాలన్నీ తగలబెడతాడు. నజీర్ అహ్మద్ అది మెచ్చుకుంటూనే రాశాడు. 1908లో ఆయన రాసిన 'ఉమ్మహాతుల్ ఉమ్మా' మతపెద్దలకు కోపం తెప్పించింది. దాని ప్రతులనూ మంటల్లో వేశారు.