బడి కమిటీలో మన కుర్చీ

మగ్గాన్ని నమ్ముకుని మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి షోలాపూర్‌కు, భీవండికి వచ్చారు. వచ్చిన చోట గుడి కట్టుకున్నారు, కూడబెట్టుకుని బడీ పెట్టుకున్నారు. చందా వేసింది అన్ని కుటుంబాలూ. బడి నడిపింది మాత్రం నలుగురు పెద్దమనుషులు. పిల్లవాణ్ణి చేర్పించి రావడంతో అమ్మానాన్నల పని అయిపోయేది.

1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని అది రాష్ట్రాలకు చెప్పింది. కానీ తల్లిదండ్రులు ఎక్కడ కూర్చుని అడగాలో చెప్పలేదు.

ఆ చోటు నెమ్మదిగా ఏర్పడింది. 1998లో ఆంధ్రప్రదేశ్ బడి కమిటీల కోసం చట్టమే చేసింది. 2001లో కర్ణాటక ఎస్.డి.ఎం.సి.లు పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దేశమంతటా దారి తెరిచింది. ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఎయిడెడ్, మైనారిటీ బడుల్లో మాత్రం 2012 సవరణ తర్వాత ఈ కమిటీది సలహా పాత్రే.

మరి ఆ కుర్చీలో మనం కూర్చున్నామా? నిజం చెప్పుకోవాలంటే, బడి నుంచి వచ్చిన రిజిస్టరులో సంతకం పెట్టి పంపినవాళ్లమే ఎక్కువ. తప్పంతా మనదే కాదు. మీటింగు పగటిపూట పెడతారు. మగ్గం ఆగితే ఆ పూట కూలి పోతుంది. బీడీలు చుట్టే తల్లికీ అంతే.

కానీ నష్టం చిన్నది కాదు. తెలుగు టీచరు రిటైరైతే ఆ పోస్టు నిండలేదని మనకు ఆలస్యంగా తెలుస్తుంది. పిల్లలు తగ్గారని తెలుగు తరగతి మూసేశాక మొరపెట్టుకుంటే ఎవరు వింటారు? బడికి కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఏ తరగతికి ఎంతమంది పిల్లలు వస్తారు, ఇంకా ఎందరు టీచర్లు కావాలి అన్న లెక్క అందులో ఉంటుంది. తెలుగు టీచరు కావాలన్న మాట ఎక్కాల్సింది ఆ కాగితంలోనే. వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో అడిగే హక్కూ కమిటీకి ఉంది.

అందుకే మనం ముందుగా అడగాల్సింది ఒక్కటే: మీటింగు మగ్గాలకు సెలవున్న రోజున పెట్టండి, నోటీసు వారం ముందే ఇవ్వండి. ఆ రోజు వెళ్దాం. ముఖ్యంగా అమ్మలు వెళ్లాలి. చదివాకే సంతకం పెడదాం. పెద్దలు చెమటోడ్చి నిలబెట్టిన చదువును కాపాడుకోవాల్సింది ఇప్పుడు మనమే.