డప్పు మూత: పచ్చితోలు నుంచి ఫిల్ము వరకు – సింగరేణి ప్రాంతం నేపథ్యంగా

డప్పును గురించి మాట్లాడేటప్పుడు దరువులు, చిందు, కులచరిత్ర ముందుకు వస్తాయి. చట్రం మీద బిగించే మూత ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతుంది. తోలు స్థానంలో ప్లాస్టిక్ ఫిల్ము వచ్చిన తరువాత ఆ మూతకూ ఒక చరిత్ర ఏర్పడింది.

చెప్పు తోలు వేరు, డప్పు తోలు వేరు. చెప్పు తోలును లందలో తంగేడు చెక్క రసంలో నానబెట్టి ఊనుతారు. ఆ మెత్తదనం డప్పుకు పనికిరాదు. సున్నంతో వెంట్రుకలు ఊడదీసి, లోపలి కండను గీకివేసిన మేక తోలునో దూడ తోలునో తడి ఆరకముందే కర్ర చట్రం మీదికి లాగి, చింతగింజల అంబలితో అంటిస్తారు. ఆరేకొద్దీ అది ముడుచుకొని బిగుస్తుంది. అయితే ఊనని తోలు గాలిలోని తేమను పీల్చి మళ్లీ సడలుతుంది. అందుకే వాయించే ముందు గడ్డిమంట మీద డప్పును కాచాలి. సిర్రకు, సిటికెన పుల్లకు పలికే నాదం ఆ కాకను బట్టే ఉంటుంది.

1889లో ఇల్లెందు ప్రాంతంలో మొదలైన బొగ్గు తవ్వకం 1960ల తొలినాళ్లలో గోదావరి దక్షిణ తీరానికి, రామగుండం వైపుకు విస్తరించింది. గోదావరిఖని పల్లెల నుంచి వచ్చినవారితో పెరిగిన పట్టణం. ఊరిలో చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కొట్టడం మాదిగలకు వెట్టి. గనిలో హాజరు, జీతం దొరికిన మనిషికి ఆ పిలుపును కాదనే వీలు కలిగింది. వెట్టిని వదిలినవారు డప్పును మాత్రం వదలలేదు. 1994లో మొదలైన దండోరా ఉద్యమం దానిని ఆత్మగౌరవ చిహ్నంగా ఎత్తిపట్టింది. తెలంగాణ ఉద్యమకాలపు ధూంధాం వేదికల మీద అది ముఖ్య వాద్యమైంది. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులూ గనులు విడిచి వచ్చారు.

ఊరేగింపులో మంట వేసి డప్పు కాచుకొనే తీరిక ఉండదు, వాన ఆగదు. ఫిల్ము మూతకు తేమ అంటదు. అమెరికాలో 1957 నాటికే పాలియెస్టర్ ఫిల్ముతో డ్రమ్ము మూతలు తయారయ్యాయి, అక్కడా తోలు తేమకు సడలడమే కారణం. మన దగ్గర ఆ ఫిల్ము ఇనుప చట్రంతో, నట్లతో కలిసి డప్పులోకి వచ్చింది. నాదం పదునెక్కింది, లోతు తగ్గింది.

ఈ మార్పును కేవలం నష్టంగా లెక్కించడం నాకు సమ్మతం కాదు. చచ్చిన పశువును మోయడం, తోలు ఒలవడం ఎవరి మీద మోపబడ్డాయో తెలిసినవారు ఆ పని తప్పిపోయినందుకు చింతించలేరు. ఫిల్ము డప్పును ఏ కులంవారైనా సంకోచం లేకుండా చేతికి తీసుకోగలరు. కానీ అదే మార్పు తోలు ఎంచే చూపును, అంబలి పాకాన్ని, కాక తెలిసిన చెవిని అనవసరం చేసింది. ఆ నైపుణ్యం ఉన్నవారికి దానికి తగిన కూలి గానీ పేరు గానీ ఎన్నడూ దక్కలేదు.

భాషలోనూ దీని జాడ ఉంది. 'డప్పు కాచు' అన్న క్రియ స్థానంలోకి 'నట్టు బిగించు' వచ్చింది. డప్పును చర్మవాద్యమనే నిర్వచనం ఈ కొత్త వాద్యానికి వర్తించదు. నాట్యశాస్త్రం చెప్పిన 'అవనద్ధం' అన్న మాటకు మాత్రం బిగించి కప్పినది అనే అర్థం, అందులో తోలు ప్రసక్తి లేదు. పదకోశం కూర్చేవారు రెండు డప్పులకూ వేర్వేరు ఆరోపాలు రాయవలసి ఉంటుంది. లంద, అంబలి, కాక ఇప్పటికీ వాడుకలో ఉన్నవారి నోటి నుంచి ముందుగా తోలు డప్పు ఆరోపాన్ని నింపుకోవాలి.