ఆంధ్రా రెడ్ ఏ ఊరి గులాబీ?

తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం గులాబీ రైతులకు ఇచ్చే సూచనల్లో దండలకు, పూజకు పనికొచ్చే విడిపూల రకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. వాటిలో రెండు పేర్లు పక్కపక్కనే ఉంటాయి: ఎడ్వర్డ్ రోజ్, ఆంధ్రా రెడ్. మొదటిది లేత రంగు పువ్వు, జనం నోట పన్నీర్ రోజా. ఎడ్వర్డ్ అనగానే ఎవరో ఇంగ్లీషు రాజు అనుకుంటాం. ఆ పేరు రాజుది కాదు. హిందూ మహాసముద్రంలో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని రీయూనియన్ ద్వీపంలో తోట ఉన్న ఎద్వార్ పెరిషోన్‌ది. వేలూరు పూల అంగళ్లలో కిలోల్లెక్కన తూచి పోసే పువ్వుకు, ఎక్కడో సముద్రం మధ్యనున్న ఆసామి పేరు అతుక్కుని రెండు వందల ఏళ్లయింది. ఇంత వివరంగా పుట్టుక తెలిసిన గులాబీ పక్కనే, మన పేరు పెట్టుకున్న ఎర్ర గులాబీకి మాత్రం తల్లి ఎవరో తండ్రి ఎవరో రాసిపెట్టినవాళ్లు కనబడరు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగువాళ్లకు ‘ఆంధ్రా పువ్వు’ అంటే సంతోషం కలగడం సహజం. ఆ సంతోషానికి ఆధారం ఎంతో చూడాలి.

పేరే చాలు, ఆంధ్రాలో పుట్టింది కాబట్టే ఆంధ్రా రెడ్ అన్నారు అని ఒక వాదన. గులాబీల చరిత్ర ఈ వాదనను నిలవనివ్వదు. 1792 ప్రాంతంలో ఇంగ్లండు చేరిన చిన్న ఎర్ర గులాబీ చైనా తోటల్లోది. ఈస్టిండియా కంపెనీ ఓడల మీద కలకత్తా దాటి వచ్చింది. ఆ జాతి గులాబీలన్నిటికీ ఫ్రెంచివాళ్లు బెంగాల్ గులాబీలని పేరు పెట్టేశారు. డమాస్కస్ పేరుతో లోకమంతా పిలిచే గులాబీని జపాన్ శాస్త్రవేత్తలు 2000లో పరీక్షిస్తే అందులో మూడు జాతుల రక్తం తేలింది, వాటిలో ఒకటి మధ్య ఆసియా కొండల అడవి గులాబీ. గులాబీకి ఊరి పేరు తగిలిందంటే సాధారణంగా అది మూట దిగిన చోటు, పుట్టిన చోటు కాకపోవచ్చు. పైగా గుడియాత్తం నుంచి చూస్తే ఆంధ్రా అంటే కొండ అవతలి పలమనేరు, చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసినప్పుడు గుడియాత్తం, వేలూరు ఉత్తర ఆర్కాటులో ఉండిపోయాయి. కాబట్టి ఈ పేరు, సరుకు ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పే గుర్తు అయుండవచ్చు.

మరి ఈ నేల మీద ఆంధ్రా రెడ్‌కు ముందు గులాబీ లేదా? ఉంది, దాని దగ్గర కొంచెంసేపు ఆగక తప్పదు. 1443లో హెరాత్ నుంచి షారుఖ్ రాయబారిగా విజయనగరం వచ్చిన అబ్దుర్ రజాక్, రెండో దేవరాయల రాజధానిలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారని, ఆ ఊరి జనం గులాబీని తిండితో సమానంగా చూస్తారని రాశాడు. విజయనగరం మీద రాసిన ప్రతివాళ్లూ దీన్ని ఎత్తి చూపుతారు. అయితే రజాక్ ఆ నగరంలో ఉన్నది ఏప్రిల్ చివర నుంచి డిసెంబరు ఆరంభం దాకా. అప్పటికి పర్షియా, అరబ్ వర్తకులకు తెలిసిన సువాసన గులాబీ డమాస్కసే. ఉత్తరాదిన అత్తరు కోసం పెంచే ఆ జాతి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు విరగబూస్తుంది, అందుకే దానికి చైత్రం పేరు మీద చైతీ గులాబ్ అని పేరు. దాని బంధువొకటి శరదృతువులో మళ్లీ నాలుగు పూలు పూస్తుంది, అంతే. తుంగభద్ర ఒడ్డున ఎండాకాలం, వానాకాలం అంతా వీధివీధినా రాశులు పోసేంత పూత ఆ మొక్కకు సాధ్యం కాదు. పర్షియన్‌లో గుల్ అంటే గులాబీయే కాదు, ఏ పువ్వైనా. అందువల్ల నా నిర్ణయం ఇది: రజాక్ చూసిన వాటిలో గులాబీ ఉంది, కానీ ఆ రాశులన్నీ గులాబీలు కావు. అందులో ఎక్కువ పాలు మల్లె, జాజి, సంపెంగల్లాంటివే. బంతిపూలు కూడా కావు, మెక్సికో నుంచి బంతి ఇంకా రాలేదు.

ఆయన హెరాత్ మనిషి, గులాబీ తెలియకుండా ఉంటుందా అని అడగవచ్చు. తెలుసు. తెలిసిన కళ్లు గనుకే అక్కడ గులాబీ ఉందన్న మాటను నేను కాదనడం లేదు. ఆ కాలపు తెలుగు కావ్యాల్లో చల్లిన పన్నీరంతా దూరదేశపు సీసాల్లోంచే వచ్చిందనుకోవడం కూడా కష్టం. 1565 యుద్ధం తర్వాత అరవీటి రాజులు పెనుకొండకు, చంద్రగిరికి, 17వ శతాబ్దం మొదట్లో వేలూరు కోటకు రాజధానిని తరలించారు. ఆ కొలువుతోపాటు పన్నీరు చల్లే మర్యాద, దండలు కట్టే పనితనం కూడా పాలారు ఒడ్డుకు వచ్చి ఉండాలి. కోట గోడ నిలిచింది, అగడ్త నిలిచింది, జలకంఠేశ్వరాలయం నిలిచింది. రాజుల వంశావళిని తరతరాలూ శాసనాల్లో చెక్కించినవాళ్లు, వాళ్ల మెడలో పడ్డ పువ్వు మొక్క పోలికను ఒక్క రాతి మీదైనా రాయించి ఉంటే ఎంత బాగుండేది! ఆ గులాబీ మనకు పూర్తిగా పోయింది. ఆ తర్వాత బీజాపూర్, మరాఠా, ఆర్కాటు ఏలుబడులు గడిచాయి.

కథ మళ్లీ దొరికేది రీయూనియన్‌లో. 1817లో అక్కడికి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెయోన్, పెరిషోన్ తోట కంచెలో ఒక కొత్త మొక్కను చూశాడు. కంచెకు రెండు రకాల గులాబీలు కలిపి నాటేవారు: శరత్తులోనూ పూసే డమాస్కస్ ఒకటి, ఏడాది పొడుగునా పూసే లేతరంగు చైనా గులాబీ ఇంకొకటి. తేనెటీగలు ఆ రెంటినీ కలిపాయి. డమాస్కస్ వాసన, చైనా పూత ఒక్క కొమ్మ మీదికి వచ్చాయి. విత్తులు పారిస్ చేరాయి, బూర్బన్ గులాబీలనే పెద్ద కుటుంబం పుట్టింది. ఇది కలకత్తా తోటలోనే ముందు ఉండేదని, అక్కణ్నుంచే ద్వీపాలకు వెళ్లిందని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఏ దారి నిజమైనా, దక్షిణాది ఎండకు ఓర్చి పూస్తూనే ఉండే సువాసన గులాబీ మనకు దక్కింది ఈ కలయిక వల్లే.

ఎరుపు సంగతి ఇంకా ఉంది. బూర్బన్ల, చైనా గులాబీల సంతతిలో గ్లోరీ దె రోజోమాన్ అనే ఎర్రది 1825లో వచ్చింది. దాని వంశంలో నుంచి 1897లో గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ వెలువడింది. దాన్ని సృష్టించిన రుడాల్ఫ్ గెష్విండ్ ఆస్ట్రియా-హంగరీ అడవి అధికారి. మంచు పడే చోట చావని గులాబీ కావాలని జీవితమంతా సంకరాలు చేసి, ఈ మొక్కకు టెప్లిట్జ్ ఊరి పేరు పెట్టాడు. చలిదేశపు తోటమాలి చేతి పువ్వు పంజాబ్ మైదానాల్లో, పాకిస్తాన్‌లో సుర్ఖాగా స్థిరపడి దండల్లోకి, గుల్‌కంద్‌లోకి చేరడం గులాబీల చరిత్రలో నాకు బాగా నచ్చిన మలుపు. దానికి ఎదురు దిక్కున, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ కొలువు వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడిన వీరరాఘవన్, మణిపూర్ కొండల అడవి గులాబీతో వేడినేలలకు పనికొచ్చే రకాలు తయారుచేశారు.

మన ఆంధ్రా రెడ్‌ను ముందుగా పోల్చి చూడాల్సింది గ్రుస్ ఆన్ టెప్లిట్జ్‌తోనే. పోలిక చూడ్డానికి రంగు ఒక్కటే చాలదు, ఎర్ర గులాబీలు వందలున్నాయి. గ్రుస్ పూలు గుత్తులుగా వస్తాయి, మెడ కొంచెం వంగుతుంది, లేత చిగురు రాగిరంగులో ఉంటుంది, వాసనలో కారం లాంటి ఘాటు ఉంటుంది. ఎండలో రేకులు నీలం తిరగవు, ఇంకా ముదురుతాయి. ఇది చైనా రక్తానికి గుర్తు. ఇంకొక జాగ్రత్త కూడా కావాలి. తోటలో హఠాత్తుగా తెలియని గులాబీ కనబడితే, పైన కట్టిన అంటు చచ్చి కింది వేరుమొక్క లేచిందేమో చూడాలి. అమెరికా చలి రాష్ట్రాల్లో, నాటిన మొక్క మంచుకు పోయి దాని వేరుమొక్క డాక్టర్ హ్యూయీ ముదురెర్రగా పూస్తే, కొత్త రకం దొరికిందని మురిసేవాళ్లు ఎందరో. మన దక్షిణాదిన అంటుకు వేరుమొక్కగా ఎడ్వర్డ్ రోజ్‌ను ఎక్కువగా వాడతారు. అది లేతరంగు కాబట్టి, ఎర్ర పువ్వు విషయంలో ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

పేరు దేనికి, పూస్తోంది అమ్ముతోంది చాలదా అనేవాళ్లుంటారు. చాలదు. హోసూరు పాలీహౌసుల తాజ్‌మహల్ లాంటి కాడగులాబీలకు పేరు, పత్రాలు, ఎగుమతి మార్కెట్టు అన్నీ ఉన్నాయి, వాసన మాత్రం నామమాత్రం. నిలవ ఉండే పువ్వు కోసం ఎంపిక చేస్తూపోయినవాళ్లు వాసనను పక్కన పెట్టేశారు. ఎర్రగా సువాసనగా ఉండే పపా మేయాన్‌ను, వాసన లేని రూజ్ మేయాన్‌ను పోల్చిన ఫ్రెంచి పరిశోధకులు గులాబీ వాసనను నడిపే జన్యువును 2015లో బయటపెట్టారు. ఆ పని జరిగింది రెండు మొక్కలకూ కచ్చితమైన పేరుండబట్టే. పేరు లేని మొక్క పోయినా పోయిందని ఎవరికీ తెలియదు. ఇక రీయూనియన్‌లో తేనెటీగలు చేసిన పని చిత్తూరు కంచెల్లో చేయకూడదని ఏమీ లేదు. గ్రుస్‌తోనూ, తెలిసిన ఇతర రకాలతోనూ ఆంధ్రా రెడ్ జన్యువులు కలవకపోతే, ఆ పేరు నిజంగానే దాని పుట్టినూరికి దగ్గర అవుతుంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, వెంకట్రామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి ఒక్క పరీక్ష చేయించాలి. గుడియాత్తం, పలమనేరు, చిత్తూరు తోటల నుంచి ఆకులు సేకరించి, వాటి జన్యువులను గ్రుస్ ఆన్ టెప్లిట్జ్‌తోనూ, తెలిసిన ఇతర రకాలతోనూ పోల్చి చూడాలి. అంతదాకా పాత ఎర్ర గులాబీ పొద ఉన్న ఇంటివాళ్లు దాన్ని పీకకండి. కొమ్మ కత్తిరించి ఇంకో ఇంట్లో నాటించండి, ఏ ఊరి నుంచి ఎప్పుడు తెచ్చారో కాగితం మీద రాసి ఉంచండి.